ముందు విన్న క్యాసెట్టు

పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాలు దేనికి పోట్లాడుకుంటారో గానీ, మేమిద్దరం మాత్రం మా పిన్ని గొంతు గురించి పోట్లాడుకున్నాం. అదీ మా సెలూన్లో, కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషికి ఒక చెంప గీసి, రెండో చెంప నురగతో వదిలేసి.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. ఒకప్పుడు పాటలు పాడేది. తనే కట్టి తనే పాడిన నాలుగు క్యాసెట్లు బజార్లోకి వచ్చాయి. వాటికి మంచి పేర్లే ఉన్నాయి గానీ మా ఇంట్లో ఎవరూ ఆ పేర్లు పలకరు. అట్ట రంగుని బట్టి పసుపుది, నీలంది, ఎర్రది, బూడిదది, అంతే. వచ్చింది ఆ వరసలోనే, మేము విన్నదీ ఆ వరసలోనే. పసుపుది వచ్చినప్పుడు నేను నిక్కర్ల మీద తిరుగుతున్నాను. బూడిదది వచ్చేసరికి నూనూగు మీసాలు. మొదటి మూడూ అమ్మ బీరువాలో చీరల మడతల మధ్య ఉండేవి. బూడిదది మాత్రం సెలూన్లో, మొండి కత్తెరలూ పళ్ళూడిన దువ్వెనలూ పడేసే సొరుగులో ఉండేది. అది బాగోదని మా ఇంట్లో అందరికీ తెలుసు మరి.

మా ఆవిడకి తెలీదు. ఆమె మా ఇంటికొచ్చి రెండు నెలలు కాలేదు. పక్క వీధిలో కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని తనది. మధ్యాహ్నం పని అయిపోగానే నేరుగా సెలూన్‌కి వచ్చి, చేతులు ఊరికే ఉండవు కాబట్టి ఏదో ఒకటి సర్దుతూ ఉండేది. ఆ రోజు సొరుగు సర్దింది. క్యాసెట్టు దొరికితే తుడిచి టేపురికార్డర్లో పెట్టింది. మొదటి పాట సగానికొచ్చేసరికి చేతిలో దువ్వెన పట్టుకుని అలా నిలబడిపోయింది.

"ఎవరండీ ఈవిడ?"

"మా పిన్ని."

"పాడతారని చెప్పారు గానీ ఇలా పాడతారని చెప్పలేదేం?"

"ఇలా అంటే?"

"ఎవరికీ వినపడాలని లేకుండా. గదిలో ఒక్కరే ఉన్నప్పుడు మనతో మనం మాట్లాడుకుంటాం చూడండి, అలాగ."

నాకు నవ్వొచ్చింది. "అది గొంతు పోయాక పాడిందే. అసలైనవి ఇంట్లో ఉన్నాయి. అవి విని అప్పుడు మాట్లాడు."

ఆ సాయంత్రమే అమ్మనడిగి పసుపుది తీయించాను. వింటున్నంతసేపూ మా ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను, ఇదిగో ఇప్పుడు, ఇదిగో ఈ చరణం దగ్గర అనుకుంటూ. పాటలన్నీ అయ్యాక "బాగానే ఉంది" అంది.

"బాగానే ఉందా!"

"చక్కగా తయారై వచ్చి ఫొటోకి నిలబడినట్టుంది. తప్పేం లేదు. కానీ ఆ బూడిద దాని తర్వాత ఇది వింటుంటే, ఈవిడకి ఇంత ముస్తాబెందుకు అనిపిస్తోంది."

నీలంది వినిపించాను. ఎర్రది వినిపించాను. ఆమె మాట మారలేదు సరికదా ఇంకా గట్టిపడింది. "రాన్రానూ దూరమైపోయారండీ. మళ్ళీ అక్కడికి రానేలేదు" అంది.

"మళ్ళీ రావడమేంటి? అది చివరిదైతేనూ!"

"మీకు చివరిది. నాకు మొదటిది."

అక్కడ మొదలైంది. నాకో జబ్బుంది, ఏదైనా తేలకపోతే అన్నం సయించదు. మంగలి పనిలో ఈ జబ్బు బాగా ముదురుతుంది, ఎందుకంటే రోజంతా మనుషులు మన ముందు కదలకుండా కూర్చుంటారు, ఏది అడిగినా చెప్తారు. ఒకే నాలుగు క్యాసెట్లు విని, చెవుడు లేని ఇద్దరు మనుషులు ఇంత ఎదురెదురుగా ఎలా మాట్లాడతారు? నేను తప్పా, ఆమె తప్పా? లేక మేమిద్దరం విన్న వరస తప్పా?

ఆ వారమే పిన్ని మా ఇంటికొచ్చింది. వాళ్ళింటి పైకప్పు విప్పి కొత్తది వేయిస్తున్నారు. పని అయ్యేదాకా, అంటే వానలు పడేలోపు, ఆ ఎండాకాలమంతా మా దగ్గరే. బాబాయి పనివాళ్ళ దగ్గరుండి చూసుకుంటూ వారానికోసారి, మేము సెలూన్ కట్టేసే సెలవు రోజున వచ్చి వెళ్ళేవాడు.

బాబాయి వచ్చిన రోజు మా ఇంట్లో ఒక నాటకం నడిచేది. అమ్మ ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే "ఒరేయ్, మీ బాబాయికి మంచినీళ్ళు కావాలేమో అడుగు" అనేది. ఆయన కూడా పాపం నా వైపే తిరిగి "వద్దని చెప్పరా" అనేవాడు. మధ్యలో నేను తపాలా డబ్బాలా ఉండేవాణ్ణి. పదేళ్ళ పైనుంచీ అలవాటైపోయిన వ్యవహారం కాబట్టి మాకు వింతగా ఉండేది కాదు. కొత్తగా వచ్చిన మా ఆవిడే మొదటిసారి చూసి పైట నోటికడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.

దాని వెనక కథ బూడిద క్యాసెట్టే. పిన్ని పెళ్ళయి ఏడాది తిరిగాక అది వచ్చింది. పిన్నీ బాబాయీ కలిసి స్వయంగా తెచ్చారు. అప్పటికి నాన్న పోయి ఎన్నో నెలలు కాలేదు, ఒక పనివాణ్ణి పెట్టుకుని సెలూన్ అమ్మే నడుపుతోంది. అందరం చుట్టూ కూర్చున్నాం. మొదటి పాట పూర్తి కాకుండానే అమ్మ లేచి వెళ్ళి టేపు ఆపేసింది. "ఇది నా చెల్లెలి గొంతు కాదు. ఆ ఇంట్లో దీన్ని పిండి ఆరేశారు" అంది, బాబాయి అక్కడే ఉండగా. పిన్ని ఒక్క మాట మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే వినిపించింది. ఎర్ర క్యాసెట్టులో గలగల్లాడిన మనిషి ఇందులో నీరసపడిపోయి, ఒక్క వయొలిన్ తోడు పెట్టుకుని, సణుగుతున్నట్టు. ఆ తర్వాత పిన్ని మళ్ళీ పాడలేదు. వంటింట్లో కూనిరాగం తీయడం కూడా ఎవరూ వినలేదు.

పిన్ని మా ఇంటికొచ్చిన నాలుగో రోజనుకుంటా, సెలూన్ ఫోన్ మోగింది. ఆ నాలుగు క్యాసెట్లూ రికార్డు చేసిన పెద్దాయన. ఇంట్లోంచి పిన్నిని పిలిచి ఇచ్చి, నేను అక్కడే అద్దం తుడుస్తూ నిలబడ్డాను. అంత శుభ్రంగా ఆ అద్దాన్ని ఎన్నడూ తుడిచి ఉండను. ఆయన మాటలు నాకు వినపడలేదు, పిన్నివే వినపడ్డాయి. "అయ్యో, ఎత్తేస్తున్నారా... వానలు పడేలోపా... నాదా? ఇప్పుడా?... చూద్దాం సార్. చూద్దాం."

స్టూడియో మూసేస్తున్నాడట. సామానంతా కట్టేసేలోపు ఆఖరిగా పిన్ని పాటలు ఇంకో క్యాసెట్టు చేయాలని ఆయన కోరిక. రాత్రి భోజనాల దగ్గర నేనే ఆ విషయం కక్కేశాను.

అమ్మ చెయ్యి ఆగింది. "ఇప్పుడెందుకే? ఉన్న మంచిపేరు పోగొట్టుకోడానికా?" అంది. కోపంగా కాదు, నిజంగా బెంగగానే అంది.

"నేనూ అదే అనుకుంటున్నా అక్కా" అంది పిన్ని పళ్ళెంలోకి చూస్తూ.

నిజానికి అలా అనుకోవడం లేదు. మర్నాడు పొద్దున్న మా ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి స్నానాలగది గోడ దగ్గర నిలబెట్టింది. లోపల కుళాయి ధారగా పోతోంది, బకెట్టు నిండి పొర్లిపోతోంది. ఆ నీళ్ళ చప్పుడు మాటున పిన్ని ఒకే ముక్క పాడుతోంది, ఆపుతోంది, మళ్ళీ పాడుతోంది.

"ఆవిడకి పాడాలని ఉందండీ" అంది మా ఆవిడ బయటికొచ్చాక. "కానీ మీ అమ్మగారు మళ్ళీ మొహం చిట్లిస్తే తట్టుకోలేరు. వాళ్ళక్క ఒప్పుకుంటే గానీ ఆ స్టూడియో గడప తొక్కరు, చూస్తూ ఉండండి."

"అమ్మకి నచ్చకపోతే ఏం చేస్తాం?"

"నచ్చకపోవడం కాదు. అత్తయ్యగారు వరసలో విన్నారు. అదీ తంటా."

"నీ వరస గొడవ నీదే. తేల్చేద్దాం పద" అన్నాను.

తేల్చడానికి సెలూన్ కంటే మంచి చోటేముంది? పిన్ని గురించి తెలియని వాళ్ళనే ఎంచుకున్నాం. కొందరికి ముందు పసుపుది, తర్వాత బూడిదది. కొందరికి ముందు బూడిదది, తర్వాత పసుపుది. పాడింది ఎవరో చెప్పకుండా, పని అయ్యాక "ఎలా ఉన్నాయి పాటలు?" అని అడగడం. ఒకే చిక్కు, ఒక కటింగు అయ్యేలోపు రెండు క్యాసెట్లలోంచీ రెండేసి పాటలైనా వినిపించాలి. అందుకని కత్తెర నెమ్మదిగా ఆడించాను. మామూలుగా గబగబా కానిచ్చేవాణ్ణేమో, అలవాటు పడ్డవాళ్ళు ఊరుకోలేదు.

"ఏంటయ్యా, ఒక్కో వెంట్రుకనీ పేరు పెట్టి పిలుస్తున్నావా?" అన్నాడు ఎదురుకొట్టు దర్జీ.

ఆ దర్జీకి పసుపుది ముందు వినిపించాను. బూడిదది మొదలవగానే నాలిక చప్పరించాడు. "ఈవిడకి ఒంట్లో బాగున్నట్టు లేదు పాపం. ఇందాకటావిడేనా? ఏదో కష్టపడి ఉంటుంది మధ్యలో" అన్నాడు. అచ్చం మా అమ్మ మాట. నేను మా ఆవిడ వైపు చూసి కనుబొమలెగరేశాను.

మర్నాడు డ్రైవింగు నేర్పే మాస్టారొచ్చాడు. ఆయనకి బూడిదది ముందు. రోజంతా కొత్తవాళ్ళ పక్కన కూర్చుని అరిచి అరిచి వచ్చే మనిషి, మాట్లాడకుండా కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నా. పసుపుదానికి మార్చగానే కళ్ళు తెరిచాడు. "ఇదేంటి, అమ్మాయి పాటల పోటీకి వెళ్ళినట్టుంది? ఇందాకటిదే ఉంచరాదూ?" అన్నాడు. ఈసారి కనుబొమలెగరేయడం మా ఆవిడ వంతు.

ఇలా ఎంతమందిని హింస పెట్టామో లెక్క లేదు. అందరూ వరస ప్రకారమే మాట్లాడారని చెప్పను. ఒక లావుపాటాయన "నాకు రెండూ ఒకేలా ఉన్నాయి గానీ ఈ కుడి చెవి పైన ఇంకాస్త తగ్గించు" అన్నాడు. కానీ మొత్తం మీద గాలి ఎటు వీస్తోందో తెలిసింది. ముందు విన్నదే వాళ్ళకి ఆవిడ అసలు గొంతు. రెండోది ఆ గొంతుకి ఏదో అయిన తర్వాతిది. పసుపుది ముందు విన్నవాళ్ళు ఆవిడ అలిసిపోయిందన్నారు, బూడిదది ముందు విన్నవాళ్ళు ఆవిడ పాడైపోయిందన్నారు. చిన్నప్పట్నుంచీ నా సొంత చెవులనుకున్నవి కాస్తా, ముందొచ్చిన క్యాసెట్టు చేతిలో పెట్టిన చెవులని తెలిసేసరికి కొంచెం చిన్నతనంగా అనిపించింది. దానికంటే ఎక్కువగా సరదా పుట్టింది.

మా ఆవిడ అక్కడితో ఆగలేదు. రోజూ మధ్యాహ్నం ఆ రెండు క్యాసెట్లూ తిప్పి తిప్పి వినేది. ఒక రోజు సెలూన్లో ఎవరూ లేని వేళ "ఇలా రండి, ఒకటి వినండి" అని టేపు వెనక్కి తిప్పి ఒక చరణం పెట్టింది. బూడిదది. తర్వాత పసుపుది మార్చి ఒక చరణం పెట్టింది.

"ఏం వినపడింది?"

"పాట."

"మళ్ళీ వినండి. 'స' పలికే చోట."

మూడోసారికి పట్టుకున్నాను. బూడిద దాంట్లో ఆ అక్షరం దగ్గర సన్నటి ఈల ఉంది. చెవి పెట్టి వింటే తప్ప తెలియనంత. పసుపు దాంట్లో లేదు.

"కొత్త పళ్ళసెట్టు పెట్టినప్పుడు మేము 'సంచి, సీసా, సున్నం' అనిపిస్తాం" అంది మా ఆవిడ. "ముందు పళ్ళ మధ్య ఖాళీ ఉంటే గాలి జారి ఇలాగే ఈల వస్తుంది. నీలంది, ఎర్రది కూడా విన్నాను, వాటిలోనూ లేదు. దీంట్లోనే ఉంది. చిన్నత్తయ్యకి పళ్ళ మధ్య సందేమన్నా ఉండేదా?"

"ఉండేది! ఆ సందులోంచి నీళ్ళు చిమ్మి నా చొక్కా తడిపేది. తర్వాత పళ్ళ డాక్టరు క్యాపులు వేసి సందు మూసేశాడు. అమ్మే దగ్గరుండి తీసుకెళ్ళింది."

"ఎప్పుడు?"

చెప్పబోయి ఆగిపోయాను. ఎప్పుడో నాకు బాగా తెలుసు. పసుపు క్యాసెట్టు అట్ట మీద ఫొటో వేయాలనే ఆ క్యాపులు వేయించారు. అట్ట తీసి చూశాం. పిన్ని నిండుగా నవ్వుతోంది, పళ్ళ మధ్య సందు లేదు.

"అయితే ఆ బూడిద దాంట్లో పాటలు ఈ ఫొటో కంటే ముందు పాడినవండీ" అంది మా ఆవిడ నెమ్మదిగా.

"క్యాపు మధ్యలో ఊడిపోయి ఉండొచ్చుగా?"

"నిన్న అన్నం దగ్గర చూశాను. ఇప్పటికీ అవే క్యాపులు. అంచు రంగు మారిపోయింది, పాత పని. మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు."

అమ్మ విన్న కష్టం, దర్జీ విన్న కష్టం, నేను విన్న కష్టం. పాడినప్పుడు పిన్నికి పెళ్ళే కాలేదు. బాబాయి ఎవరో కూడా తెలీదు.

జుట్టు చివర్లు కత్తిరించమని పిన్ని రెండు రోజులుగా అడుగుతోంది. మధ్యాహ్నం వేళ షట్టరు సగం దించి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టాను. మెడకి గుడ్డ కట్టి, జుట్టు తడిపి, అద్దంలో ఆమె కళ్ళలోకి చూస్తూ అడిగాను.

"పిన్నీ, బూడిదది ఎప్పుడు పాడావు?"

ఆమె కళ్ళు నా మీంచి పక్కన స్టూలు మీద కూర్చున్న మా ఆవిడ మీదికి వెళ్ళాయి. మా ఆవిడ తన ముందు పళ్ళ మీద వేలితో తట్టి చూపించింది. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నా, నవ్వుతోంది.

"ఎంత పనిమంతురాలివే అమ్మాయ్! ఇన్నేళ్ళలో ఎవరికీ వినపడలేదు."

"ముందు పాడినవేనా చిన్నత్తయ్యా?"

"అన్నిటికంటే ముందు. నేను మొదటిసారి ఆ స్టూడియో గుమ్మం ఎక్కినప్పుడు పాడినవి. ఎలా పాడాలో ఎవరూ చెప్పకముందు. నాకు ఇప్పటికీ అవే ఇష్టం." మెడ దగ్గర గుడ్డ సర్దుకుంది. "ఇవే ముందు వేద్దామన్నాను. ఆ పెద్దాయన వద్దన్నాడు. 'ముందు జనానికి నచ్చేవి ఇద్దాం, నీ గొంతు వాళ్ళకి అలవాటు కానీ, అప్పుడు ఇవి బయటికి తీద్దాం' అన్నాడు. మంచికే అన్నాడు. ఆ అలవాటే నా కొంప ముంచింది."

"మరి ఆ రోజు అమ్మ టేపు ఆపేసినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పనురా? ఇవి పాతవక్కా అంటే, 'అదా సంగతి, అందుకే ఇంత పచ్చిగా ఉన్నాయి' అంటుంది. ముందు పాడానంటే పచ్చిగా ఉందంటారు, తర్వాత పాడానంటే అలిసిపోయిందంటారు. నేను పాడింది మాత్రం ఒక్కసారే." గొంతు తగ్గిపోయింది. "నాకు బాగా నచ్చినవే మా అక్క చెవికి ఎక్కకపోతే ఇంకెవరి కోసం పాడను?"

"బాబాయికి తెలుసా?" అన్నాను.

"తెలీకేం? ఆ రోజే చెప్పేస్తానన్నారు. నేనే చేతులు పట్టుకుని ఆపాను. 'సరేలే, మీ అక్క ఎవరో ఒకరిని అనాలి, నన్నే అననీ, మీరిద్దరూ బాగుండండి' అన్నారు. అక్కకి చెప్పకండర్రా. నా మాట వినండి."

వినాలనే అనుకున్నాను. కానీ బాబాయి అన్న మాట రెండు రోజులు నన్ను తిననివ్వలేదు. అంత మంచి మనిషికి మంచినీళ్ళు కావాలా అని నేను అడగడమేంటి? నాకు ఒళ్ళు మండింది. మూడో రోజు మేడ మీద అమ్మ సెలూన్ తువ్వాళ్ళు తీసి మడతపెడుతుంటే వెళ్ళి, రెండో కొస పట్టుకుని, మొత్తం చెప్పేశాను. ఈల దగ్గర్నుంచి బాబాయి దాకా.

అమ్మ మడత పెట్టడం ఆపలేదు. ఒకటి, ఇంకొకటి. "ఆ క్యాపులు వేయించిన వారం మీ పిన్నికి ఒకటే సలుపు. గంజి తాగించాను" అంది. ఇంకో తువ్వాలు తీసుకుంది. "మరి నాకు అంత నీరసం వినపడిందే. అది ఎక్కడిదిరా?"

నేను ఆ తువ్వాలు రెండో కొస అందుకున్నాను.

"మీ నాన్న పోయిన ఆ ఏడు నాకు ఏది విన్నా అలాగే ఉండేది" అంది అమ్మ. తువ్వాళ్ళ దొంతర గుండెకి హత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆమె నాతో గానీ పిన్నితో గానీ ఆ మాట ఎత్తలేదు.

సెలవు రోజున బాబాయి వచ్చాడు. ఎండన పడి వచ్చి చొక్కా తడిసిపోయి ఉంది. ఎప్పటిలాగే గోడ పక్క కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. నేను నా తపాలా పనికి సిద్ధంగా నిలబడ్డాను. అమ్మ లోపల్నుంచి గ్లాసు తెచ్చి నన్ను దాటుకుని వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"మంచినీళ్ళు తీసుకోండి మరిదిగారూ."

అలవాటు చొప్పున బాబాయి నా వైపు తిరిగి "వద్దని చె..." అని ఆగిపోయాడు. లేచి నిలబడ్డాడు. రెండు చేతులతో గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు.

"ఇంకా కావాలా?" అంది అమ్మ.

"కావాలి వదినగారూ" అన్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న పిన్ని నా వైపు ఉరిమి చూసింది. నువ్వే చెప్పావు కదూ అన్నట్టు. నేను ఫ్యాను వైపు చూశాను.

అమ్మ బూడిదది మళ్ళీ వింటుందనుకున్నాం. మా ఆవిడ తెచ్చి చేతికిచ్చింది కూడా. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టింది. "ఇప్పుడు విన్నా ఏం లాభం అమ్మాయ్? ముందు పాడిందని తెలిసిపోయింది. చిన్నపిల్ల గొంతు ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చుంటాను" అంది. ఇన్ని రోజులు కత్తెర నెమ్మదిగా ఆడించి మేము తెలుసుకున్నది ఆవిడ తువ్వాళ్ళు మడతపెడుతూ తెలుసుకుంది. నాకు మా అమ్మ మీద గర్వం కలిగింది.

ఎండలు ముదిరి మబ్బులు పట్టడం మొదలైంది. పైకప్పు పని అయిపోయింది. పిన్ని సంచులు సర్దుకుంది. రికార్డింగు పెద్దాయన మళ్ళీ ఫోన్ చేసి, ఇంక వచ్చే వారం మైకులు కూడా విప్పేస్తున్నామని చెప్పాడు. పిన్ని ఈసారి కూడా చూద్దాం సార్ అనే అంది, కానీ ఫోన్ పెట్టేశాక కాసేపు దాని మీంచి చెయ్యి తీయలేదు.

వెళ్ళే రోజు, మధ్యాహ్నం, అందరం సెలూన్లోనే ఉన్నాం. ఇంట్లోకంటే అక్కడ చల్లగా ఉంటుంది. బాబాయి సంచులు గుమ్మం దగ్గరికి చేరుస్తున్నాడు. అమ్మ ఉన్నట్టుండి లేచి షట్టరు కిందికి లాగింది. తర్వాత ఫ్యాను ఆపేసింది.

"ఉక్కపోసి చస్తామే అమ్మా" అన్నాను.

"చప్పుడు చేస్తోంది. కాసేపు ఓర్చుకో." పిన్ని వైపు తిరిగింది. "ఏమే, కొత్తవి ఏమైనా కట్టావా?"

"ఏవో ఒకటి రెండు..."

"ఎవరికైనా వినిపించావా?"

"లేదు."

"అయితే నాకు ముందు వినిపించు."

పిన్ని కుర్చీలో కూర్చుంది, అద్దానికి వీపు పెట్టి. గొంతు సవరించుకుంది. మొదటి మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. నేను నా అలవాటు కొద్దీ ఇది పసుపు గొంతా, బూడిద గొంతా అని వెతకడం మొదలెట్టాను. దేనికీ చెందలేదు. లోతుగా, కొంచెం గరుగ్గా ఉంది. రెండో చరణంలో పై స్వరానికి వెళ్ళబోయి జీరపోయింది. ఎర్ర క్యాసెట్టు మనిషైతే ఆ మెట్టు అవలీలగా ఎక్కేసేది. పిన్ని అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, కింది నుంచే ఇంకో దారి వెతుక్కుని పాట ముగించింది. అందరికీ చెమటలు కారిపోతున్నాయి.

అందరం అమ్మ వైపే చూస్తున్నాం. చిన్నప్పట్నుంచీ చెల్లెలి పాట గురించి అమ్మ ఎప్పుడూ వెంటనే చెప్పేసేది, బాగుంటే బాగుందని, లేకపోతే లేదని. ఆ రోజు ఆమె నేల వైపు చూస్తూ ఉండిపోయింది.

"బాగుందో లేదో నాకు తెలియట్లేదే" అంది అమ్మ.

పిన్ని తల వంచుకుంది. అయిపోయింది అనుకున్నాను. మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిజంగానే తెలియట్లేదు" అంది అమ్మ మళ్ళీ. ఆమె గొంతులో తీర్పేమీ లేదు, ఆశ్చర్యమే ఉంది. కుర్చీ ముందుకు జరుపుకుని చెల్లెలి మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇంకోటి పాడు."

పిన్ని తలెత్తి అక్క మొహంలోకి చూసింది. అక్కడ ఏముందో వెతికినట్టు, చాలాసేపు చూసింది. తర్వాత పమిటతో మొహం తుడుచుకుంది.

"ఇంకోటి స్టూడియోలో పాడతానక్కా. వచ్చి ఎదురుగా కూర్చుంటావా?"

"ఎప్పుడు బయల్దేరాలి?" అంది అమ్మ.